నాలుక కింది పొర: కోయించాలా, ఆగాలా?

సూర్యాపేట జిల్లా తిరుమలగిరి నుండి ఒక సోదరి ఉత్తరం రాశారు. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చిన ఆమెకు మగబిడ్డ పుట్టి, ఉత్తరం రాసేనాటికి 24 రోజులు. పుట్టినప్పుడు 2.8 కిలోలున్న బిడ్డ ఇప్పుడు 2.9 కిలోలున్నాడు. బిడ్డ రొమ్ము పట్టుకోగానే ప్రాణం పోయినంత నొప్పి కలుగుతోందనీ, చనుమొనలు పగిలి రక్తం వస్తోందనీ, బిడ్డ ముప్పావు గంట చప్పరించి నిద్రపోయి పది నిమిషాలకే మళ్ళీ ఏడుస్తున్నాడనీ ఆమె రాశారు. ఏడ్చేటప్పుడు చూస్తే నాలుక పైకి లేవడం లేదు. కొన నడుమ నొక్కుకుపోయి రెండు పాయలుగా కనిపిస్తోంది. నాలుక అడుగున ఒక సన్నని పొర కొన వరకు అంటుకొని ఉంది.

ఇంట్లో తలా ఒక మాట. ఆ తీగను ఇప్పుడే కోయించకపోతే పిల్లవాడు మూగవాడవుతాడని నానీ భయం. తల్లికి పాలు చాలడం లేదు కాబట్టి డబ్బా పాలు మొదలుపెట్టమని అత్తగారి సలహా. అఖీఖా నాడు తల గొరగడానికి వచ్చిన, ఊళ్ళో ఖత్నాలు కూడా చేసే పెద్దమనిషి, క్షణంలో తీసేస్తానని ముందుకు వచ్చారట. నగరంలోని ఒక దంతవైద్యశాల వారు ఫోనులో పంపిన ఫోటో చూసి, నాలుక కింద మాత్రమే సరిపోదు, పై పెదవి కింద కూడా లేజరుతో కోయాలన్నారట. హైదరాబాదులో పని చేసుకుంటున్న భర్త ఒకరోజు చేయించుదామంటారు, మరుసటి రోజు ఇంత పసివాడికి కత్తెరా అంటారు. ఇన్నిటి నడుమ ఆ సోదరి అడిగిన చివరి ప్రశ్న మమ్మల్ని ఎక్కువగా కదిలించింది: అల్లాహ్ ఇచ్చిన రూపాన్ని మార్చిన పాపం అవుతుందా?

ఆమెకు జవాబు వెంటనే విడిగా పంపాము. మాసపత్రిక చేతికి అందేవరకు పసిబిడ్డ ఆకలి ఆగదు కదా. అయితే ఇలాంటి సందేహం ఎన్నో ఇళ్ళలో ఉంటుందని తోచి, ఆ సంగతులను ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాము.

ఆ పొర అందరికీ ఉంటుంది. అద్దం ముందు నిలబడి నాలుకను పైకెత్తితే మీకూ కనిపిస్తుంది. కొందరిలో అది పొట్టిగానో, మందంగానో, కొనకు మరీ దగ్గరగానో ఉండి నాలుక కదలికను ఆపుతుంది. దీన్నే వైద్యులు టంగ్ టై అంటారు. ఆడపిల్లల కంటే మగపిల్లల్లో ఎక్కువ. దీనిలో తల్లి తప్పేమీ లేదు. గర్భంతో ఉండగా ఏదో తిన్నందుకో, గ్రహణం నాడు బయటికి వచ్చినందుకో ఇలా అయిందనే మాటలకు ఆధారం లేదు.

అసలు గుర్తుంచుకోవలసిన సంగతి ఇది: పొర ఎలా ఉందన్నది చూసి నిర్ణయం చేయకూడదు, నాలుక తన పని చేస్తోందా లేదా అన్నది చూసి చేయాలి. కొన వరకు అంటుకొని ఉన్నా హాయిగా పాలు తాగి బరువు పెరిగే బిడ్డలు ఎందరో ఉన్నారు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం, టంగ్ టై లక్షణాలున్న పసివారిలో సగం మందికి కూడా పాలు తాగడంలో ఇబ్బంది ఉండదు. అలాంటి బిడ్డ నాలుకకు కత్తెర పెట్టవలసిన పని లేదు.

నాలుక పని ఏమిటి? బిడ్డ పాలు పీల్చేటప్పుడు నాలుక కింది చిగురును దాటి ముందుకు వచ్చి, రొమ్ము అడుగున దోసిలిలా నిలుస్తుంది. తరువాత నడుమ భాగం కిందికి దిగినప్పుడు నోటిలో ఏర్పడే ఖాళీ వల్ల పాలు వస్తాయి. నాలుక ముందుకు రాలేకపోతే చనుమొన రెండు చిగుళ్ళ మధ్య పడి నలుగుతుంది. అందుకే ఆ నొప్పి. పాలు పట్టిన తరువాత చనుమొన గుండ్రంగా ఉండక, ఒకవైపు వాలుగా నొక్కినట్లుంటే, బిడ్డ తాగుతుండగా టక్ టక్ మని చప్పుడు వస్తుంటే, పాలు పెదవుల పక్కనుండి కారిపోతుంటే, పట్టు సరిగా కుదరడం లేదని అర్థం. ఈ గుర్తులు టంగ్ టై లేని బిడ్డలో కూడా ఉండవచ్చు. తొలి కాన్పు తల్లి బిడ్డను పట్టుకునే తీరులో పొరపాటు ఉన్నా, రొమ్ములు గడ్డకట్టినా, బిడ్డ నోటిలో తెల్ల పూత వచ్చినా ఇలాగే జరుగుతుంది. కాబట్టి కత్తెర గురించి ఆలోచించే ముందు ఒక పని మిగిలి ఉంది.

కాన్పు ఆసుపత్రిలో జరిగినా ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వచ్చి తల్లీబిడ్డలను చూడాలన్నది ప్రభుత్వ నియమం. ఆమె వచ్చినప్పుడు చాయ్ ఇచ్చి పంపేయకుండా, ఆమె ముందే బిడ్డకు పాలు పట్టండి. లేదా ఆరోగ్య కేంద్రంలోని నర్సు ముందు పట్టండి. బిడ్డ తల ఒక్కటే కాకుండా ఒళ్ళంతా తల్లివైపు తిరిగి ఉండాలి. పొట్టకు పొట్ట ఆనాలి. తల, మెడ, నడుము ఒకే వరసలో ఉండాలి. నోరు పెద్దగా తెరిచే వరకు ఆగి, అప్పుడు రొమ్మును బిడ్డ దగ్గరికి వంచకుండా, బిడ్డనే రొమ్ము దగ్గరికి తీసుకురావాలి. గడ్డం రొమ్ముకు తగలాలి, కింది పెదవి బయటికి మడతపడాలి, చనుమొన చుట్టూ ఉన్న నల్లని భాగం కింది వైపు కంటే పై వైపు ఎక్కువగా కనిపించాలి. చెప్పడానికి చిన్న సంగతులే. కానీ చాలామంది తల్లుల నొప్పి ఈ సర్దుబాటుతోనే రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది.

ఇక తూకం. పుట్టిన బిడ్డ మొదటి రోజుల్లో కొంత బరువు తగ్గి, రెండు వారాలకల్లా మళ్ళీ పుట్టిన బరువుకు చేరుకోవాలి. ఆ తరువాత రోజుకు సుమారు 20 నుండి 30 గ్రాములు పెరగాలి. ఆ లెక్కన 24వ రోజుకు ఈ బిడ్డ 3 కిలోలు దాటి ఉండవలసింది. 2.9 దగ్గర ఉన్నాడంటే ప్రాణాపాయమని కాదు గాని, మరో నెల చూద్దామని ఊరుకోదగిన సంగతి కూడా కాదు. రోజులో కనీసం ఆరుసార్లు మూత్రం పోస్తున్నాడా అన్నది చూసుకోవాలి. అంతకంటే తగ్గినా, పాలకు లేపినా లేవనంత మత్తుగా ఉన్నా, జ్వరం వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

అంతవరకు బిడ్డ కడుపు నిండాలి. అందుకు డబ్బా పాల కంటే ముందు తల్లి తన పాలనే శుభ్రమైన గిన్నెలోకి పిండి ఉగ్గుగిన్నెతో పట్టవచ్చు. మన నానమ్మల అటక మీద ఉండే ఆ ఉగ్గుగిన్నెను నేటి వైద్యులు కూడా సీసా కంటే మేలైనదంటారు. చనుమొన మానడానికీ, పాలు ఇంకిపోకుండా ఉండడానికీ ఈ పద్ధతి తోడ్పడుతుంది. వైద్యుడు చూసి పై పాలు అవసరమంటే అవి కూడా ఇవ్వండి. అందులో తల్లికి అవమానమేమీ లేదు.

ఇంత చేసినా నొప్పి తగ్గక, బరువు పెరగక, నాలుక కదలడం లేదని పరీక్షించిన వైద్యుడు నిర్ధారిస్తే అప్పుడు కోయించడం సబబు. మా అభిప్రాయం స్పష్టంగా చెబుతున్నాము: అలాంటి పరిస్థితిలో వెనుకాడనవసరం లేదు. రెండు మూడు నెలలు సాగదీస్తే ఈలోగా తల్లిపాలు ఆగిపోతాయి. అప్పుడు కోసినా కోయకపోయినా ఒకటే.

అయితే దీనిని మంత్రదండం అనుకోకూడదు. 2017లో కోక్రేన్ సంస్థ అంతవరకు జరిగిన ఐదు పరిశోధనలను, మొత్తం 302 మంది పసివారి వివరాలను కలిపి పరిశీలించింది. పొరను కత్తిరించిన తరువాత తల్లుల చనుమొన నొప్పి కొద్దికాలంలోనే తగ్గినట్లు తేలింది. బిడ్డ పాలు తాగే తీరు మెరుగుపడిందని మాత్రం అన్ని పరిశోధనల్లోనూ ఒకే విధంగా రుజువు కాలేదు. మరోవైపు ఈ చికిత్స వేలంవెర్రిగా పెరుగుతోంది. అమెరికా ఆసుపత్రుల్లో 1997లో 1,279 మంది పిల్లలకు చేస్తే, 2012లో 12,406 మందికి చేశారు. పదిహేనేళ్ళలో పిల్లల నాలుకలు మారిపోలేదు, మారినది పెద్దల ఆత్రుత. పై పెదవి కింది పొర, బుగ్గల లోపలి పొర కూడా పాలకు అడ్డమని చెప్పేవారి మాటకు తగిన ఆధారం లేదు. కత్తెర కంటే లేజరు మేలని కూడా రుజువు కాలేదు. ఫోటో చూసి చికిత్స నిర్ణయించేవారి దగ్గరికి వెళ్ళకపోవడమే మంచిది. నాలుక కింద వేలు పెట్టి కదలికను చూడనివారు, బిడ్డ పాలు తాగుతుండగా చూడనివారు ఏమని తేల్చగలరు?

తల్లి నొప్పి ఒక్కటే చికిత్సకు తగిన కారణమా అని కొందరు పెద్దలు సందేహపడతారు. బిడ్డ బరువు పెరుగుతుంటే చాలు, తల్లి ఓర్చుకోవాలి అంటారు. బఖరా సూరా 233వ ఆయతును వారు ఒకసారి శ్రద్ధగా చదవాలి. పాలు పట్టే కాలాన్ని రెండేళ్ళుగా పేర్కొన్న ఆ ఆయతులోనే, బిడ్డ కారణంగా తల్లికి హాని జరగరాదన్న హితవు ఉంది. పాలు మాన్పించే విషయం తల్లిదండ్రులిద్దరూ పరస్పర అంగీకారంతో, సంప్రదింపులతో తేల్చుకోవాలన్న మార్గదర్శకత్వం కూడా అందులోనే ఉంది. ఆ ఆయతు విడాకుల ప్రస్తావన నడుమ వచ్చింది. విడిపోయిన దంపతులే బిడ్డ పాల గురించి కలిసి ఆలోచించాలని ధర్మం కోరితే, కలిసి కాపురం చేస్తున్నవారి సంగతి వేరే చెప్పాలా? తిరుమలగిరి సోదరి భర్తకు మా విన్నపం ఇదే: ఫోనులో అవును, కాదు అనడం సరిపోదు. ఒక రోజు సెలవు పెట్టి వచ్చి, బిడ్డ పాలు తాగేటప్పుడు మీ భార్య ముఖం చూడండి. వైద్యుడి దగ్గరికి ఆమెతో కలిసి వెళ్ళండి. నానీ, దాదీల అనుభవాన్ని గౌరవంగా వినండి, నిర్ణయం మాత్రం మీరిద్దరూ చేయండి.

ఎవరిచేత చేయించాలన్నది ఇంకా ముఖ్యం. సుమారు వెయ్యేళ్ళ క్రితం అందలూసియాలోని ఖుర్తుబాకు చెందిన అబుల్ ఖాసిం అల్ జహ్రావీ తన ‘కితాబ్ అల్ తస్రీఫ్’ గ్రంథంలోని శస్త్రచికిత్సల భాగంలో ఈ పొరను గురించి ప్రత్యేకంగా రాశారు. నాలుకను పైకెత్తి పొరను అడ్డంగా కోయాలని చెబుతూనే, లోతుగా పోతే రక్తనాళం తెగి రక్తం ఆగదని హెచ్చరించారు. ఆనాటి మహావైద్యుడు జంకిన చోట, గొరిగే కత్తి తప్ప మరేమీ లేని చేతికి పసివాడి నాలుకను అప్పగించవచ్చునా? వైద్యం తెలియకుండా వైద్యానికి పూనుకున్నవాడు జరిగిన నష్టానికి బాధ్యుడవుతాడని దైవప్రవక్త (సఅసం) చెప్పినట్లు అబూ దావూద్, నసాయీ హదీసు గ్రంథాల్లో ఉంది. ఆ పెద్దమనిషి మంచి మనసుతోనే అని ఉంటారు. ఆయనను మర్యాదగా వారించడం ఆయనకే మేలు.

సూర్యాపేట, నల్లగొండ ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో పిల్లల వైద్యులు, చెవి ముక్కు గొంతు వైద్యులు ఉంటారు. సమస్య చిక్కుగా ఉంటే హైదరాబాదులోని నీలోఫర్ ఆసుపత్రి ఉంది. వెళ్ళినప్పుడు రెండు సంగతులు మీరే చెప్పండి. పుట్టిన రోజున బిడ్డకు విటమిన్ కె సూది వేశారా అన్నది ఒకటి. వేయకపోతే రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. రెండవది, వంశంలో ఎవరికైనా చిన్న గాయానికే రక్తం ఆగని జబ్బు ఉందా? మన ఇళ్ళలో దీనికి ఒక పాత ఆనవాలు ఉంటుంది. బిడ్డ అన్నకో, మేనమామకో, పిన్ని కొడుకుకో ఖత్నా నాడు రక్తం ఆగక ఆసుపత్రికి పరుగెత్తవలసి వచ్చిందా అని నానీని అడగండి. హీమోఫీలియా తల్లివైపు నుండి మగపిల్లలకు వస్తుంది. మేనరికాలు, దగ్గరి సంబంధాలు ఉన్న వంశాల్లో మరికొన్ని అరుదైన రక్తదోషాలు కూడా కనిపిస్తాయి. అలాంటిదేమైనా ఉంటే రక్తపరీక్ష అయ్యేవరకు కత్తెర ముట్టనివ్వకూడదు. కింది దవడ మరీ చిన్నగా ఉండి, వెల్లకిలా పడుకోబెట్టినప్పుడు ఊపిరి ఇబ్బందయ్యే బిడ్డకు కూడా ఇది చేయించరాదు. వదులైన నాలుక వెనక్కి జారి శ్వాసకు అడ్డం పడవచ్చు.

మూగవాడవుతాడన్న భయం మాటేమిటి? టంగ్ టై వల్ల ఎవరూ మూగవారు కారు. మాట్లాడడం మొదలుకావడానికి చెవి, మెదడు కావాలి. నాలుక పొర అందుకు అడ్డుపడదు. కొందరు పిల్లలకు ల, ర, ద వంటి అక్షరాలు స్పష్టంగా పలకకపోవచ్చు, అంతే. వారిలో చాలామంది తమంతట తామే సర్దుకుంటారు. మాట రాలేదని నాలుక కోయించి, చెవి పరీక్ష మాత్రం చేయించని ఇళ్ళ సంగతి తలుచుకుంటే బాధ కలుగుతుంది. ఏడాది దాటినా పేరు పెట్టి పిలిస్తే తిరగని బిడ్డకు ముందు వినికిడి పరీక్ష కావాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అలాంటి పిల్లలను గుర్తించి జిల్లా కేంద్రానికి పంపే ఏర్పాటు ఉంది. పాలు హాయిగా తాగుతున్న పసివాడికి, రేపటి మాటల కోసం ఈ రోజు కోయించడం అనవసరం.

మరి ఖుర్ఆన్ పారాయణం? ‘జ్వాద్’ను, ‘జ్వా’ను సరిగా పలకలేడేమోనని దిగులుపడే తల్లిదండ్రులూ ఉన్నారు. ఆ వయసు వచ్చినప్పుడు ఉస్తాదు, అవసరమైతే ఉచ్చారణ నిపుణుడు సాయం చేస్తారు. ఖుర్ఆన్‌ను తడబడుతూ, కష్టపడుతూ చదివేవారికి రెట్టింపు పుణ్యం ఉందన్న హదీసు బుఖారీ, ముస్లింలలో ఉంది. హజ్రత్ మూసా (అలైహిస్సలాం) తన నాలుక ముడి విప్పమని చేసిన దుఆ తాహా సూరాలో ఉంది. దానిని బిడ్డ తల నిమురుతూ చదవండి, మంచిదే. అయితే మూసా (అలైహిస్సలాం) ఆ దుఆతోనే ఆగిపోలేదు. వెంటనే తన సోదరుడు హారూన్‌ను తోడుగా ఇమ్మని కూడా వేడుకున్నారు. దుఆ చేసినవారు సాయం చేయగలవారిని వెతకడం విశ్వాసానికి లోటు కాదని దీనివల్ల తెలుస్తుంది.

ఇక ఆ సోదరి చివరి ప్రశ్న. సృష్టిని మార్చడమన్న నింద అందం కోసం, ఆడంబరం కోసం చేసే మార్పులకు వర్తిస్తుంది. లోపాన్ని సరిచేయడం, బాధను తొలగించడం చికిత్స అవుతుంది. యుద్ధంలో ముక్కు కోల్పోయిన అర్ఫజా (రజి) వెండి ముక్కు పెట్టుకుంటే అది దుర్వాసన వేసింది. అప్పుడు దైవప్రవక్త (సఅసం) బంగారంతో చేయించుకోమన్నారు. పురుషులకు బంగారం నిషిద్ధమైనా అవసరం కొద్దీ అనుమతించారు. పాలు తాగడానికి అడ్డమైన పొరను తీయించడంలో పాపభయం అక్కరలేదు.

కోసే రోజు గురించి ఒకటి రెండు మాటలు. నెలల పసివాడికి మత్తు అవసరం ఉండదు. బిడ్డను గుడ్డలో చుట్టి, ఒకరు తల పట్టుకుంటే, వైద్యుడు నాలుకను పైకెత్తి మొన మొద్దుగా ఉన్న కత్తెరతో పొరను కత్తిరిస్తారు. కొన్ని చుక్కల రక్తం వస్తుంది, కుట్లు ఉండవు. వెంటనే తల్లి రొమ్ము అందించాలి. ఏడుపు ఆగడానికీ, రక్తం ఆగడానికీ అదే మందు. రెండో రోజు నుండి నాలుక కింద తెల్లని మచ్చ కనిపిస్తుంది. అది చీము కాదు, మానే తీరే అంత. గోకి తీయకండి. రక్తం ఆగకపోతే, బిడ్డ పాలు మానేస్తే, జ్వరం వస్తే తిరిగి చూపించండి. నొప్పి ఆ పూటే మాయం కాకపోవచ్చు, బిడ్డ కొత్తగా పీల్చడం నేర్చుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది. వారం తరువాత తూకం వేయించండి.

గాయం మీద తేనె రాయమని ఎవరో చెప్పారని కూడా ఉత్తరంలో ఉంది. తేనెలో స్వస్థత ఉందని నహ్ల్ సూరా చెబుతుంది, అందులో సందేహం లేదు. కానీ ఏడాది నిండని బిడ్డ పేగులకు తేనెలో ఉండగల ఒక రకం సూక్ష్మజీవిని తట్టుకునే శక్తి ఉండదు. దాని విషం వల్ల ఒళ్ళు వాలిపోయి ఊపిరి కూడా ఆగవచ్చు. కాబట్టి గాయానికి గాని, ఘుట్టీలో గాని తొలి పుట్టినరోజు దాటే వరకు తేనె వద్దు. తహ్నీక్‌కు ఖర్జూరం మెత్తగా చేసి వేలి కొనతో అంగిలికి తాకిస్తే సరిపోతుంది.